మూలబడిన సైకిళ్లు – వాటి వెనుక చరిత్ర

మన సంఘంలోని యువకులు కొందరు ఈ ఉగాది నుండి ఒక పని తలపెట్టినారు. మెట్లక్రింద, పెరళ్లలో తుప్పుపట్టి పడియున్న సైకిళ్లను సేకరించి, బాగుచేసి, అవసరమున్న పిల్లలకు ఇవ్వవలెనని వారి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే ఇటువంటి ప్రయత్నాలు లోకంలో ఇదివరకు జరిగియున్నవి. వాటి చరిత్ర కొంత తెలిసికొని మొదలుపెడితే డబ్బూ శ్రమా కలిసివస్తవి.

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి చేసినాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవలసినదే. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన ‘రోవర్’ బండికి రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, వెనుక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలిటైరు వచ్చినది. మామూలు సైకిలు స్వరూపం నేటికీ అదే. మన దేశంలో 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కంపెనీ వెలసినవి. ఆ నల్లని పెద్ద సైకిళ్లలో ఒక కంపెనీ బండి చైనుగాని, టైరుగాని, గోళీలుగాని మరొక కంపెనీ బండికి చాలవరకు సరిపోతవి. మూడు పాడైన బళ్లు విప్పి రెండు నడిచే బళ్లు కట్టగల మేస్త్రీలు ఉన్నారంటే ఇదే కారణం. ఈనాటి గేరు సైకిళ్లతో ఆ సుఖం లేదు.

సైకిలును పదిమంది సొత్తుగా చేయాలనే ఆలోచన పేరుకెక్కినది 1965లో, హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో. ‘ప్రోవో’ అనే యువకుల బృందం కొన్ని సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీథిలో పెట్టినది. ఎవరైనా ఎక్కవచ్చు, దిగినచోట వదలవచ్చు. తాళం లేని సైకిలు వీథిలో ఉంచరాదని పోలీసులు వాటిని పట్టుకుపోయినారు. తరువాత ఆ యువకులు నంబరు తాళాలు వేసి, ఆ నంబరును బండిమీదనే వ్రాసినారట! నగరపాలక సభ ఆ పథకాన్ని అంగీకరించలేదు. వినడానికి ముచ్చటైన కథ. కాని ఏ బండి ఎవరి పూచీ అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఆ జవాబు అమెరికాలో దొరికినది. డేవిడ్ ష్వైడెన్‌బాక్ అనే ఆయన ఈక్వడార్ దేశంలో సేవకుడిగా పనిచేసిన కాలంలో, ఆ ఊరిలో ఒక్క వడ్రంగికే సైకిలుండుట, అతడు మిగిలినవారికంటె బాగుపడుట గమనించినాడు. 1991లో న్యూజెర్సీలో పన్నెండు పాత సైకిళ్లు పోగుచేసి పంపుదామనుకుంటే 140 వచ్చినవి. ఆ విధంగా ‘పెడల్స్ ఫర్ ప్రోగ్రెస్’ సంస్థ ఏర్పడినది. బళ్లు చేరిన దేశాలలోని స్థానిక సంఘాలు వాటిని బాగుచేసి, ఊరకనే పంచక తక్కువ ధరకు అమ్ముతవి. అంతకుముందే, 1984లో, ‘బైక్స్ నాట్ బాంబ్స్’ అనే సంస్థ నికరాగువా దేశానికి సైకిళ్లు పంపసాగినది. తరువాత బోస్టనులో పిల్లలచేతనే రిపేరు చేయించి, పని నేర్చుకున్న పిల్లవానికి ఆ బండినే ఇచ్చే పద్ధతి పెట్టినది. నాకు ఈ పద్ధతే అన్నిటికంటె నచ్చినది.

అంత దూరం పోనక్కరలేదు. మనమున్న ఈ తమిళనాటనే, పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతాన అక్షరాస్యతా ఉద్యమంతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పినారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు దానికి వెన్నుదన్ను. ఆడవారి సైకిళ్లు చాలకపోతే మగవారి సైకిళ్లే ఎక్కినారు. ముందున్న కడ్డీమీద బిడ్డను కూర్చోబెట్టుకొనవచ్చునని వాటినే కోరినవారూ ఉన్నారు. 2005-06 నుండి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పదకొండవ తరగతి పిల్లలకందరికీ ప్రభుత్వం ఉచితంగా సైకిళ్లు ఇవ్వసాగినది. చదువు ముగియగానే వాటిలో ఎన్నో మూలబడినవి. మన ఇండ్లలోనే చూడండి. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల ఆడపిల్లలేమో బస్సుకోసం గంటలు నిలబడుతున్నారు.

కనుక సైకిళ్లకు కొరత రాదు. కొరత మేస్త్రీకి. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చిన షాపులు మూతబడుతూ వచ్చినవి. చక్రం వంపును చెవితోనే పసికట్టగల చేతులు ముసలివైనవి. అట్టి పెద్దాయన నొకరిని ఆదివారం ఉదయాన పిలిపించి, కూలి ఇచ్చి, నలుగురు పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టండి. చందాలో మొదటి భాగం ఆయన కూలికి, రెండవది పానాలకు, గాలిపంపుకు, టైరు ట్యూబులకు. రంగుకు చివర చూచుకొనవచ్చు.

ఇంకొకటి. బండి తీసుకునేటప్పుడే ఫ్రేముమీది నంబరు, ఇచ్చినవారి సంతకం పుస్తకంలో ఎక్కించండి. దొంగబండి మన షెడ్డులోకి వచ్చినదంటే పోలీసులకు జవాబు చెప్పుకోవలసినది కార్యదర్శిగారే.