పడిగె: గుడ్డ మీది వీరగాథ, తెర మీది వీరగాథ

పడిగె అంటే కోయల వేల్పుల జెండా. మూడు మూలల గుడ్డ. ఒక గట్టుకు, అంటే వంశశాఖకు, చెందిన మూలపురుషులు, వాళ్ల యుద్ధాలు, వలసలు, వాళ్లకు తోడొచ్చిన జంతువులు, సూర్యచంద్రులు దాని మీద బొమ్మలుగా ఉంటారు. వెదురు గడకు కట్టి ఊరేగిస్తే అది జెండా. కథ పాడే డోలీ దాని పక్కన నిలిచి డోలు అందుకుంటే అదే పుస్తకం. పడగ అనే మాటకు తెలుగులో పాము పడగ, జెండా అని రెండర్థాలూ ఉన్నాయి. పడిగె రెండో అర్థం వైపు మాట. బొమ్మలు వరసగా పేర్చి వీరుల కథ చెప్పడాన్ని ఇవాళ గ్రాఫిక్ నవల అంటున్నారు. ఆ పని గోదావరి ఒడ్డు అడవుల్లో అచ్చుయంత్రంతో నిమిత్తం లేకుండా సాగింది.

పడిగెకు పట్టున్న ప్రాంతాల్లో ఏటూరునాగారం చుట్టుపక్కల అడవి ముఖ్యమైంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోకి వెళ్లింది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్నది ఇక్కడే. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మల మేడారం జాతరకు వేల్పుల్లో ఒకడైన గోవిందరాజు ఈ మండలంలోని కొండాయి నుంచే బయలుదేరతాడు. పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి, సారలమ్మ మేడారం పక్కనున్న కన్నెపల్లి నుంచి వస్తారు. సమ్మక్కను చిలుకలగుట్ట మీది నుంచి తెస్తారు. పూనుగొండ్ల వాళ్లు పగిడిద్దరాజు పడిగెను మోసుకుని అడవి దారిన కాలినడకన వస్తారు. దేవుడి రాక అంటే ఇక్కడ జెండా రాక. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. వెదురు కర్ర, కుంకుమ భరిణ, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, సినిమా దగ్గరికి వచ్చేసరికి దీంతోనే చిక్కు.

కోయల్లో గట్ల విభజన ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ లెక్కతో పిలుచుకుంటారు. ఒకే గట్టులో పెళ్లి కుదరదు. ఏ గట్టు కథ ఆ గట్టుది, ఏ గట్టు వేల్పులు ఆ గట్టువి. ఆ కథను నోట మోసేవాళ్లు డోలీలు. కొలుపుల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో వాళ్ల పాట లేకపోతే పని పూర్తయినట్టు కాదు. పడిగె మీద వేటాడే వీరుడి బొమ్మ చూపుడు వేలంత ఉండవచ్చు. ఆ బొమ్మ దగ్గర డోలీ ఒక్క మాటతో ముందుకు వెళ్లవచ్చు, లేదా ఆ వీరుడి తల్లిని, ఊరిని, పట్టిన విల్లును, దాటిన వాగును పేరుపేరునా పిలుస్తూ చాలాసేపు ఆగిపోవచ్చు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ వంశం వాళ్లైతే తప్పకుండా ఆగుతాడు. బొమ్మ పరిమాణానికీ కథ నిడివికీ పొంతన ఉండదు. ఎక్కడ ఆగాలో నిర్ణయించేది గుడ్డ కాదు, గొంతు.

మైదాన ప్రాంతంలో దీనికి చుట్టరికం ఉన్న కళలు రెండున్నాయి. ఒకటి ముదిరాజులను ఆశ్రయించిన కాకిపడగల వాళ్లు పటం పట్టుకుని భారతం చెప్పే పద్ధతి. రెండోది పాత వరంగల్ జిల్లాలోదే అయిన చేర్యాల నకాషీ పటం. నకాషీ వాళ్లు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూత మీద పూత పూస్తారు. ఆరాక ఎర్రటి నేల వేసి, ఉడత వెంట్రుకల కుంచెతో గీత గీస్తారు. పటాన్ని అడ్డంగా గళ్లుగా విడదీసి, గడికీ గడికీ మధ్య పూల అంచు వేస్తారు. కథకుడు చుట్టను ఒక్కో గడే విప్పుతూ కథ నడుపుతాడు. మడేలు పురాణమైనా మార్కండేయ పురాణమైనా రాబోయే గడిలో ఏముందో జనానికి ముందే కనపడదు. కామిక్ పుస్తకంలో పేజీ తిప్పడానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. కోయ పడిగెలో ఆ చాటు లేదు, గుడ్డ మొత్తం ఒక్కసారే కళ్లబడుతుంది. అందుకే అక్కడ ఉత్కంఠ బాధ్యతంతా డోలీ మీదే పడుతుంది.

పడిగె కథల్లో బయటి లోకానికి బాగా తెలిసింది సమ్మక్క కథ. అడవిలో పులుల మధ్య దొరికిన పసిబిడ్డను కోయ దొర తెచ్చి పెంచడం, ఆమెను పగిడిద్దరాజుకిచ్చి పెళ్లి చేయడం, కరువులో కప్పం కట్టలేక కాకతీయ ప్రతాపరుద్రుడి సేనతో పోరాడటం, కొడుకు జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం విడిచాక అది జంపన్నవాగు కావడం, వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనపడకుండా పోవడం, వెతికినవాళ్లకు కుంకుమ భరిణ దొరకడం: జాతర పుస్తకాల్లో ఉండే వరస ఇది. కోయ ఊళ్లలో మాత్రం చుట్టరికాలు, పుట్టిన చోటు గట్టును బట్టి మారుతుంటాయి. తాడ్వాయి మండలం బయ్యక్కపేట వాళ్లు సమ్మక్క తమ ఆడపడుచని చెబుతారు. ఈ తేడాలను తప్పొప్పులుగా చూడనక్కర్లేదు. నోటి కథకు అన్ని పాఠాలూ అసలువే.

అసలు పాఠం ఒక్కటే ఉన్న బొమ్మల కథను తెరకెక్కించినప్పుడు తగాదా ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. ఆలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ‘వాచ్‌మెన్’ను డీసీ కామిక్స్ 1986–87లో 12 సంచికలుగా వేసింది. పేజీకి తొమ్మిది గళ్లు దాని కొలత. ఐదో అధ్యాయం పేజీలు అద్దంలో చూసినట్టు మొదటిది చివరిదానితో, రెండోది చివరి నుంచి రెండోదానితో సరిపోతాయి. అది గమనించాలంటే పాఠకుడు వెనక్కి తిప్పి చూడాలి. సినిమా హాల్లో వెనక్కి తిప్పడం కుదరదు. హక్కులు 1986లోనే అమ్ముడుపోయినా బొమ్మ పడింది 2009 మార్చిలో. మధ్యలో ఎందరో దర్శకులు పట్టుకుని వదిలేశారు. వాళ్లలో ఒకడైన టెర్రీ గిలియమ్‌కు రెండున్నర గంటల్లో ఇది ఇమడదనిపించింది. చివరికి జాక్ స్నైడర్ కామిక్ గళ్లనే షాట్లకు నమూనాగా పెట్టుకుని 162 నిమిషాల సినిమా తీశాడు. నగరాన్ని నాశనం చేసే భారీ వింతజీవిని తీసేసి, ఆ నేరం కథలోని అతిమానవుడు డాక్టర్ మన్‌హటన్ మీద పడేలా ముగింపు మార్చాడు. మూర్ తన పేరు వేయవద్దన్నాడు. తెర మీద గిబ్బన్స్ పేరే కనిపిస్తుంది. గళ్లు యథాతథంగా దించినా పుస్తకం గతి మాత్రం రాలేదన్నది చాలామంది పాఠకుల ఫిర్యాదు, అందులో న్యాయముంది. 2019లో డేమన్ లిండెలాఫ్ తొమ్మిది భాగాల టీవీ ధారావాహికలో పాత కథ మళ్లీ చెప్పకుండా దాని కొనసాగింపు చెప్పాడు. అతను ఒక రకంగా డోలీ పని చేశాడు.

తెలుగు సినిమాకు ఈ గొడవ ఇంత ముదరలేదు. మన అతిమానవులు కామిక్ పుస్తకాల్లోంచి కాక కథల్లోంచి, పురాణాల్లోంచి వచ్చారు. 1951 నాటి ‘పాతాళభైరవి’కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు. దాన్ని తీసిన విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో ‘చందమామ’ మొదలుపెట్టినవాళ్లు. బొమ్మ, కథ, తెర ఒకే గుమ్మంలోంచి బయటికొచ్చాయి. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు ‘సూపర్‌మ్యాన్’ అయ్యాడు. పేరు అమెరికాది, బలం ఆంజనేయుడిది. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ కూడా ఆ దారే పట్టింది. బొమ్మను సినిమాగా మార్చడమంటే ఏమిటో లోపలి నుంచి తెలిసినవాడు బాపు. స్వయంగా చిత్రకారుడు కావడంతో షాట్లను ముందే కాగితం మీద బొమ్మలుగా వేసుకుని సెట్‌కు వెళ్లేవాడు. 1976 నాటి ‘సీతాకల్యాణం’ చూస్తుంటే కొన్ని చోట్ల ఫ్రేము కదలడం మానేసి పటంలా నిలబడుతుంది. అది లోపమని అప్పట్లో అనుకున్నవాళ్లూ ఉండొచ్చు. నాకు మాత్రం తెలుగు తెర నకాషీ పటానికి అత్యంత దగ్గరగా వచ్చింది అక్కడే అనిపిస్తుంది.

ఆదివాసీ వీరుణ్ణి తెరకెక్కించడం వేరే లెక్క. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిన గోండు వీరుడు కొమరం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు చేరడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో రాజమౌళి అదే పేరుతో పులిని ఒంటిచేత్తో ఎదిరించే మహావీరుణ్ణి సృష్టించాడు. కల్పిత కథ అని ముందే చెప్పినా, 2020లో విడుదలైన టీజర్‌లో భీం నెత్తిన టోపీ కనపడగానే ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. తమ వీరుడు ఎలా ఉంటాడన్నది వాళ్లకు టోపీ దాకా పట్టింపు ఉన్న విషయం.

సమ్మక్క సారలమ్మల కథ క్యాసెట్ పాటగా, వీడియో ఆల్బమ్‌గా, సినిమాగా కూడా మారింది. క్యాలెండర్ చిత్రాల్లో సమ్మక్క పులి మీద కూర్చుంటుంది. గద్దె మీద రూపం లేని తల్లికి తెర మీద ఒక నటి ముఖం పెట్టక తప్పదు. పడిగె బొమ్మలో ముఖం కంటే చేతిలో ఉన్నది ముఖ్యం: బల్లెమా, విల్లా, జెండానా. సినిమా ఆ లెక్క తిరగేస్తుంది. దగ్గరి షాట్ పెట్టగానే చూసేవాళ్ల కళ్లు నటి కళ్ల మీదికి వెళతాయి, వంశం పేరు వెనక్కి పోతుంది. అన్ని గట్ల కథలూ కలిపి ఒక స్క్రిప్టు రాసినప్పుడు ఏ గట్టు డోలీ పాఠం ఉంచాలన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే తీరిపోతుంది.

పడిగెను పాటతో కలిపి చెప్పగలిగినవాళ్లు తగ్గిపోయారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య వాళ్లలో పేరున్నవాడు. కోయ భాషలోనూ తెలుగులోనూ వంశకథలు పాడేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన పాడిన సమ్మక్క కథను ఆదివాసీ కళలను సేకరించిన జయధీర్ తిరుమలరావు అక్షరబద్ధం చేయించి పుస్తకంగా తెచ్చారు. పాటకు పుస్తకం రూపం రావడం కూడా అనుసరణే. పుస్తకంలో పాఠకుడు ఎక్కడైనా ఆగొచ్చు కానీ, ఆగినచోట డోలు వినపడదు.

2026 జనవరి 28 నుంచి 31 దాకా జరిగిన మేడారం జాతరకు ముందు గద్దెల ప్రాంగణాన్ని రాతితో తిరిగి కట్టారు. కోయల చిహ్నాలు, పడిగెల్లో కనిపించే బొమ్మలు ఈసారి రాతి మీదికెక్కాయి. గుడ్డ మాసిపోతే కొత్త పడిగె వేయించుకునేవారు. రాయి అలా మారదు. బంగారమని పిలుచుకునే బెల్లాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చిన భక్తుడు ఆ బొమ్మల ముందుకు చేరేసరికి వెనక జనం తోస్తుంటారు, పోలీసు ముందుకు కదలమంటాడు. వేటగాడి బొమ్మ ఏదో, యుద్ధం ఎక్కడో కళ్లకు చిక్కేలోపే గద్దె దాటిపోతుంది.