బాటప్రక్క సమాధి: జిమ్ థార్ప్ వృత్తాంతము

శిలాఫలకము పలుకునదంతయు యథాతథముగా గ్రహింపరాదని చరిత్ర చదువువా రెఱిగినదే. చెక్కించినవా రెవరు, ఏ కోరికతో చెక్కించిరి, ఆ చోటనే యేల నిలిపిరి అని యడుగక రాతిని చదివినవాడు సగమే చదివినవాడు. మన సోదరులు తమ తమ గ్రామములందు పెద్దల పేర ఫలకములు నిలుప నుత్సహించుచున్నారు గావున, అమెరికా దేశమునందలి యొక ఫుట్‌బాలు వీరుని స్మారకమును గూర్చి యిచట విన్నవించుచున్నాను.

పెన్సిల్వేనియా రాష్ట్రమున జిమ్ థార్ప్ అను చిన్న యూరు కలదు. ఆ వీరుని పేరును జిమ్ థార్పే. ఊరి వెలుపల బాట యంచున నెఱ్ఱని గ్రానైటుతో గట్టిన సమాధి యున్నది. అతడు లోకమున మేటి క్రీడాకారుడని స్వీడను రాజు గుస్తావు పొగడిన మాటలు దానిపై చెక్కబడినవి. చూచువారు ఇది యాతని స్వగ్రామ మనుకొందురు. కాదు. అత డక్కడ పుట్టలేదు, పెరుగలేదు. బ్రతికియుండగా ఆ యూర నడుగైనను బెట్టలేదు.

థార్ప్ 1887 ప్రాంతమున, తరువాత ఓక్లహోమా రాష్ట్రమైన భూభాగమున, సాక్ ఫాక్స్ అను ఆదిమజాతియందు జన్మించెను. తనవారు పెట్టిన పేరు వాథోహక్. దానికి 'వెలుగుబాట' యని యర్థము చెప్పుదురు. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైలు పాఠశాలకు బంపబడెను. ఆదిమజాతుల పిల్లలను తల్లిదండ్రులకు దూరముచేసి, జుట్టు కత్తిరించి, తల్లిభాష మాన్పించి, తెల్లవారివలె దీర్చుటకు 1879లో స్థాపించిన పాఠశాల యది. బాలుని నోటినుండి తల్లిభాషను దీసివేయుట విద్య యని యొప్పుకొనుటకు, బడిలో జీవితము గడపిన నా మనస్సు సమ్మతింపదు. అయినను ఆ బడియే యతనికి కీర్తిద్వారమయ్యెను.

అమెరికావారి ఫుట్‌బాలు మన బాలు రాడునది గాదు. బంతి అండాకారము, చేత బట్టుకొని పరుగిడవచ్చును, తన్ననువచ్చును. థార్ప్ రెండింటను ఘనుడు. 1911లో హార్వర్డు విశ్వవిద్యాలయపు జట్టుతో నాడునాడు కాలికి గాయము తగిలియుండియు, నాలుగు మార్లు బంతిని గోలుకొయ్యల నడుమ దాటదన్నెను. ఆనాటి లెక్కను తన్నొక్కింటికి 3 చొప్పున 12 పాయింట్లు. కార్లైలువారు గెలిచినది 18కి 15. మరుసటి యేట వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమును 27కు 6గా నోడించిరి. ఆదిమజాతులపై అమెరికా సేనలు తుపాకులు పేల్చి అప్పటికి పాతికేండ్లైనను గాలేదు. ఆ మైదానమున నిలిచిన యిరుపక్షములవారును ఆ సంగతి మఱచియుండరు. నాటి సైనిక జట్టులో, తరువాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవరును ఉండెను.

1912లోనే స్టాక్‌హోము ఒలింపిక్కులలో పెంటాథ్లానునను డెకాథ్లానునను స్వర్ణపతకములు గొనెను. అంతకుముందు వేసవులలో స్వల్పమైన జీతమునకు బేసుబాలాడెనని 1913లో వానిని లాగికొనిరి. అభ్యంతరము 30 దినములలోపల దెలుపవలెనను నియమము పాటింపబడలేదు. 1920లో, పిమ్మట జాతీయ ఫుట్‌బాలు లీగైన సంస్థకు ప్రథమాధ్యక్షుడయ్యెను. కడపటి దినములు లేమిలో గడచెను. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో కన్నుమూసెను.

దేహమును ఓక్లహోమాకు దెచ్చిరి. జాతి యాచారము ననుసరించి సంస్కారము జరుగుచుండగా, పూర్తిగాకమునుపే, మూడవ భార్య పోలీసులతో వచ్చి శవమును గొనిపోయెను. తగిన స్మారకము కట్టించువారికై యామె వెదకెను. అప్పుడు పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అను గనుల యూరు బొగ్గు వ్యాపారము తగ్గి క్షీణించుచుండెను. ఊరిని నిలుపుటకై ప్రజలు వారమునకు 5 సెంట్ల చొప్పున చందా పోగుచేయుచుండిరి. 1954లో ఒప్పందము కుదిరెను. మాక్ చంక్, తూర్పు మాక్ చంక్ అను రెండూళ్లు ఏకమై, 'భల్లూకపర్వతము' అను నర్థము గల ప్రాచీన నామమును వదలి, జిమ్ థార్ప్ అని పేరు దాల్చెను. ఓక్లహోమానుండియు స్టాక్‌హోము క్రీడారంగమునుండియు మన్ను దెచ్చి సమాధియొద్ద నుంచిరి. ఫుట్‌బాలు కీర్తిమందిరము తమ యూరికి వచ్చునని యాశించిరి. అది 1963లో ఒహాయోలోని కాంటనులో వెలసినది.

ఊరివారిని స్వార్థపరులని దూషింప నాకు మనసురాదు. వారు మాట దప్పలేదు. సమాధిని శ్రద్ధతో గాపాడిరి. కాని సమాధిని గూర్చి తొలుత నడుగవలసినవారు కన్నబిడ్డలును జాతివారును గదా! ఆదిమజాతుల అస్థులను స్వజనమున కప్పగింపవలెనను 1990 నాటి చట్టము నాధారము చేసికొని కుమారుడొకడు 2010లో దావా వేసెను. అతడు మరుసటి యేట మరణింపగా సోదరులును సాక్ ఫాక్స్ జాతియు వ్యాజ్యమును నడపిరి. 2013లో క్రింది న్యాయస్థానము వారి పక్షమున దీర్పు చెప్పెను. ఊరిని ఆ చట్టమందలి 'మ్యూజియము'గా నెంచరాదని 2014లో పైన్యాయస్థానము దానిని గొట్టివేసెను. అత్యున్నత న్యాయస్థానము 2015లో విచారణకు గైకొనలేదు.

కార్లైలు బడి 1918లో మూతబడెను. అచట మరణించిన పిల్లల అస్థులను 2017 మొదలుగా సైనికశాఖవారు స్వజనమున కప్పగించుచున్నారు. 1912 నాటి రెండు పోటీలకును థార్పే ఏకైక విజేత యని ఒలింపిక్ సంఘము 2022లో ప్రకటించెను. అతని దేహము మాత్రము ఆ బాటప్రక్కనే యున్నది.