కాగితం మిల్లు సొరంగం

ఫిన్లండ్ దక్షిణ తీరంలోని హమీనాలో 1950లలో సుమ్మా కాగితం మిల్లు లేచింది. భవనాలకు రూపమిచ్చింది అల్వార్ ఆల్టో. 2008లో యజమాని సంస్థ స్టోరా ఎన్సో దాన్ని మూసేసింది, మరుసటి ఏడాది గూగుల్ డేటా సెంటర్ కోసం కొంది. నా లెక్కలో ఆ బేరంలో అసలు ఆస్తి యంత్రశాలలు కాదు, మిల్లు కోసం రాతిలో తొలిచిన సొరంగం. 2011 నుంచి బాల్టిక్ చన్నీళ్లు ఆ దారినే డేటా సెంటర్‌లోకి వస్తున్నాయి. ఉప్పునీరు సర్వర్ల దాకా పోదు. పలుచని లోహపు గోడకు ఇవతల అది, అవతల సర్వర్ల వేడిని మోసుకొచ్చే మంచినీరు. వేడెక్కిన ఉప్పునీటిలో తాజా సముద్రపు నీటిని కలిపి, చల్లబడ్డాకే తిరిగి వదులుతారు. పర్యావరణ భారాన్ని తగ్గించేది కొత్త యంత్రాల కంటే ముందు స్థలం ఎంపికేనని ఈ చరిత్ర చెబుతోంది.

ఇదంతా చలిదేశపు అదృష్టం అనొచ్చు. కొంత నిజమే, గూగుల్ విశాఖలో తలపెట్టిన కేంద్రానికి బంగాళాఖాతం అంత చల్లదనం ఇవ్వదు. ఇంకో అభ్యంతరం మరీ గట్టిది: చల్లార్చడంలో ఎంత మిగిల్చినా సర్వర్లు తినే కరెంటు తగ్గదు. 2007లో సర్వర్‌కు ఒక యూనిట్ అందాలంటే డేటా సెంటర్లు సగటున రెండున్నర యూనిట్లు వాడేవి. 2023కి అది దాదాపు 1.6కు దిగింది. అయినా 2024లో ప్రపంచ డేటా సెంటర్ల వాడకం సుమారు 415 టెరావాట్-అవర్లు! కాబట్టి పొదుపు ఒక్కటే చాలదు, వేడికి గిరాకీ వెతకాలి. హమీనాలో 2024లో ప్రకటించిన పథకం ప్రకారం ఆ వేడి ఊరి ఇళ్లకు వెళ్లే వేడినీటి గొట్టాల్లో చేరి, ఆ వ్యవస్థకు ఏటా కావలసిన దానిలో 80 శాతం తీర్చాలి. విశాఖ ఇళ్లకు వేడి అక్కర్లేదు గనుక, దాన్ని వాడుకోగల పరిశ్రమ ఏదో ముందే తేల్చుకోవాలి.