తుపానుతో ఊరుగాని ఊళ్లో ఆగిపోయారా? తిరుగు టికెట్ మీరే రద్దు చేసే ముందు ఇవి తెలుసుకోండి

కామిక్ కాన్, నాణేల ప్రదర్శన, తపాలా బిళ్లల ఎగ్జిబిషన్, బోర్డ్ గేమ్స్ మీట్... ఇలాంటి అభిరుచుల సమావేశాలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వారాంతాల్లో చాలానే జరుగుతుంటాయి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చే కాలమూ అదే. శుక్రవారం ఎండలో బయల్దేరినవారు ఆదివారం సాయంత్రానికి రైలు, విమానం రెండూ లేక ఆగిపోవచ్చు.

అలాంటప్పుడు కంగారులో చాలామంది ఫోన్ తీసి టికెట్ రద్దు చేసేస్తారు. డబ్బు పోయేది అక్కడే. టికెట్ మీరు రద్దు చేస్తే ఒక లెక్క, రైల్వే గానీ విమాన సంస్థ గానీ సర్వీసును రద్దు చేస్తే ఇంకో లెక్క.

మన ఊళ్లో వాన లేకపోయినా ఎందుకు ఆగిపోతాం?

తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నదే చూస్తే సరిపోదు. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటింది. కానీ చెన్నై విమానాశ్రయంలో రాకపోకలు ముందురోజే, డిసెంబరు 4 ఉదయమే ఆగిపోయాయి. మళ్లీ మొదలైంది మర్నాడు ఉదయం. చెన్నైలో బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య ఉన్న వంతెన దగ్గర నీరు పెరగడంతో సెంట్రల్ స్టేషన్ నుంచి బయల్దేరాల్సిన రైళ్లు ఎన్నో రద్దయ్యాయి.

2024 సెప్టెంబరు 1న వచ్చింది తుపాను కూడా కాదు, వాయుగుండం. అయినా మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీదికి నీరొచ్చింది. రైలు, రోడ్డు రెండు దారులూ ఒకేసారి మూసుకుపోయాయి.

అందుకే మీరున్న ఊరి వాతావరణంతో పాటు దారిలో ఉన్న జిల్లాల హెచ్చరికలు కూడా చూడాలి.

హెచ్చరికల రంగులకు అర్థమేంటి?

భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా నాలుగు రంగులు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్యలు తీసుకోవాలి.

తుపానుకు దాదాపు 72 గంటల ముందు నుంచే దశలవారీగా సమాచారం వస్తుంది. తీరప్రాంతంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు మరో హెచ్చరిక జారీ చేస్తారు. తిరుగు ప్రయాణాన్ని ముందుకు జరుపుకోవాలా అన్నది 48 గంటల హెచ్చరిక రాగానే తేల్చుకోవడం మంచిది. 24 గంటల హెచ్చరిక వచ్చేసరికి మిగిలిన సీట్ల కోసం అందరూ ఎగబడతారు.

వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్ ఫోన్‌లో ఉంచుకోండి.

రైలు రద్దైతే డబ్బు ఎలా వస్తుంది?

రైల్వే మీ రైలును పూర్తిగా రద్దు చేస్తే, ఈ-టికెట్‌కు చార్జీ మొత్తం దానంతటదే మీ ఖాతాకు తిరిగి వస్తుంది. మీరు రద్దు చేయాల్సిన పని లేదు, టీడీఆర్ వేయాల్సిన పనీ లేదు. ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు మాత్రం సాధారణంగా తిరిగి రాదు. రైల్వే ప్రకటన రాకముందే మీరే రద్దు చేస్తే మామూలు రద్దు చార్జీలు కోత పడతాయి.

కౌంటర్‌లో కొన్న టికెట్ అయితే రైలు బయల్దేరాల్సిన సమయం నుంచి మూడు రోజుల్లోగా కౌంటర్‌లో అప్పగించాలి.

రైలు రద్దు కాకుండా మూడు గంటలకు మించి ఆలస్యమైతే, మీరు ప్రయాణం మానుకుని పూర్తి చార్జీ కోరవచ్చు. దీనికి ఈ-టికెట్ ఉన్నవారు రైలు మీ స్టేషన్ నుంచి వాస్తవంగా కదిలేలోపే టీడీఆర్ దాఖలు చేయాలి. రైలు వెళ్లిపోయాక వేస్తే ప్రయోజనం ఉండదు.

రైలును దారి మళ్లించి, మీరు ఎక్కాల్సిన లేదా దిగాల్సిన స్టేషన్‌కు రాకుండా పంపినా టీడీఆర్ వేయవచ్చు. సమాచారానికి 139కి ఫోన్ చేయండి.

కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్‌ఆర్‌తో స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ తీసుకోవచ్చు. అందుకే కొత్త ప్రయాణం ఖాయమయ్యేదాకా పాత పీఎన్‌ఆర్‌ను వదులుకోకండి.

విమానం రద్దైతే హోటల్ ఇస్తారా?

విమాన సంస్థ సర్వీసును రద్దు చేస్తే, వేరే విమానంలో సీటు లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. ఏది కావాలన్నది మీ ఇష్టం. క్రెడిట్ కార్డుతో కొన్నవారికి ఏడు రోజుల్లోగా వాపసు చేయాలన్నది డీజీసీఏ నిబంధన. 'డబ్బు బదులు క్రెడిట్ షెల్‌లో ఉంచుతాం' అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఆ నిర్ణయం ప్రయాణికుడిదే.

అయితే నష్టపరిహారం వేరు. తుపాను లాంటి ప్రతికూల వాతావరణం వల్ల రద్దైతే పరిహారం చెల్లించక్కర్లేదు. భోజనం, హోటల్ గది విషయంలోనూ సంస్థలు 'అసాధారణ పరిస్థితి' మినహాయింపును చూపించవచ్చు. అడగడంలో తప్పు లేదు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఆ రాత్రి ఖర్చు మీదేననుకుని ప్లాన్ చేసుకోండి.

మీరే టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే, మూల చార్జీ పోయినా పన్నులు, విమానాశ్రయ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి తిరిగివ్వాలి. అడిగి తీసుకోండి. స్పందన లేకపోతే 'ఎయిర్‌సేవ'లో ఫిర్యాదు చేయవచ్చు.

రెండు విమానాలు మారాల్సిన ప్రయాణానికి విడివిడిగా టికెట్లు కొంటే, మొదటిది రద్దైనా రెండో సంస్థకు సంబంధం ఉండదు. ఒకే పీఎన్‌ఆర్‌పై ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

హోటల్, ఈవెంట్ టికెట్ల సంగతేంటి?

ఈవెంట్ రద్దైందా, వాయిదా పడిందా, యథాతథంగా జరుగుతోందా అన్నది ముఖ్యం. నిర్వాహకులే రద్దు చేస్తే వాపసు అడిగే అవకాశం బలంగా ఉంటుంది. ఈవెంట్ జరుగుతున్నా మీరు వెళ్లలేకపోతే టికెట్‌పై ఉన్న షరతులే ఆధారం. 'ఫోర్స్ మెజ్యూర్' అన్న మాట ఉందేమో చూడండి. మనుషుల చేతుల్లో లేని ఘటనలకు బాధ్యత తమది కాదని చెప్పే నిబంధన అది.

హోటల్‌కు ముందుగా ఫోన్ చేసి ఒక రాత్రి పొడిగించమని అడగండి. చెకవుట్ చేసి స్టేషన్‌కు వెళ్లాక రైలు రద్దైందని తెలిస్తే, అదే గది దొరకకపోవచ్చు. ఒప్పుకున్న ధరకు మించి వసూలు చేస్తే బిల్లు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు.

రద్దు సందేశం, కొత్త సమయం చూపే స్క్రీన్‌షాట్, భోజనం, హోటల్ బిల్లులు అన్నీ దాచుకోండి. తర్వాత మాట్లాడేది అవే.

బీమా ఆదుకుంటుందా?

ఐఆర్‌సీటీసీలో 45 పైసలకు వచ్చే ఐచ్ఛిక బీమా రైలు ప్రమాదాల్లో మరణం, వైకల్యం, గాయాలకు సంబంధించింది. రైలు ఆలస్యానికో, రద్దుకో అది డబ్బు ఇవ్వదు. ప్రయాణ రద్దుకు వర్తించే ట్రావెల్ పాలసీలు వేరే ఉంటాయి. కానీ తుపాను హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ అదే తుపానుకు సాధారణంగా పనికిరాదు. టికెట్ కొన్నరోజే తీసుకోవాలి.

ఆ రాత్రి ఎలా గడపాలి?

డబ్బు లెక్కల కన్నా ముందు ప్రాణం. ఎరుపు హెచ్చరిక ఉన్నప్పుడు 'ఎలాగైనా ఇంటికి చేరాలి' అని క్యాబ్‌లో రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. నీళ్లు పారుతున్న రోడ్డు మీద వాహనం దాటించే ప్రయత్నం అసలు చేయొద్దు. నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

భీకరమైన గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందనుకోకండి. తుపాను కన్ను మీ మీదుగా వెళుతూ ఉండవచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అధికారులు చెప్పేదాకా బయటికి రావద్దు.

కరెంటు పోయే ముందే ఫోన్, పవర్ బ్యాంక్ చార్జ్ చేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లు కూడా మూగబోయాయి. యూపీఐ పనిచేయని పరిస్థితికి కొంత నగదు చేతిలో ఉండాలి. మీ నెట్‌వర్క్ పోతే ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికకు వెళ్లి వేరే సంస్థ సిగ్నల్ ప్రయత్నించండి. విపత్తుల్లో టెలికాం శాఖ ఆదేశిస్తే, ఒక సంస్థ వినియోగదారులు మరో సంస్థ నెట్‌వర్క్‌ను వాడుకునే వీలు కల్పిస్తారు.

నాణేలు, తపాలా బిళ్లలు, కామిక్స్ లాంటివి గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, నేల మీద కాకుండా ఎత్తులో ఉంచండి.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

- అత్యవసర సాయం: 112
- రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్: 1070
- జిల్లా కంట్రోల్ రూమ్: 1077
- ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ టోల్‌ఫ్రీ: 1800 425 0101
- రైల్వే: 139
- కరెంటు ఫిర్యాదులు: 1912
- వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915

మీ ఊరి కంట్రోల్ రూమ్ కాదు, మీరు ఆగిపోయిన జిల్లా కంట్రోల్ రూమ్ మీకు కావాలి. 1077కు ఫోన్ చేసినప్పుడు ముందుగా ఏ జిల్లాలో, ఏ ప్రాంతంలో ఉన్నారో చెప్పండి.