‘జానీ గద్దార్’: హిందీ నేరచిత్రంలో బాధ్యత మారిన తీరు

నేరకథ నవలలోనైనా సినిమాలోనైనా రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. నేరం చేసినవారెవరన్నది మొదటిది. ఆ నేరానికి బాధ్యులెవరన్నది రెండవది. మొదటిదానికి సమాధానం కథ చివర దొరుకుతుంది. రెండవదానికి సమాధానం ఆ కథ పుట్టిన కాలంలో ఉంటుంది. శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వంలో 2007లో వచ్చిన ‘జానీ గద్దార్’ శైలీప్రధానమైన హిందీ నేరచిత్రంగా పేరు పొందింది. అయితే ఆ శైలి కేవలం అలంకారం కాదు. అంతకుముందు అర్ధశతాబ్దంగా హిందీ సినిమా రెండవ ప్రశ్నకు ఇస్తూ వచ్చిన సమాధానాన్ని ఈ చిత్రం మార్చింది. ఆ మార్పును, దాని పూర్వరంగాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిస్థితి, అన్యాయం, వృత్తి

గురుదత్ దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘బాజీ’ (1951)లో దేవానంద్ పాత్ర ఒక జూదరి. జబ్బుపడిన చెల్లెలి వైద్యం కోసం అతడు నేరప్రపంచానికి దగ్గరవుతాడు. ఇక్కడ బాధ్యత పేదరికానిది, నగరానిది. నాయకుడి మనసు మాత్రం నిర్మలమే. విజయ్ ఆనంద్ చిత్రాల్లో ఈ నేరప్రపంచం వినోదక్రీడగా మారింది. ‘జ్యుయెల్ థీఫ్’ (1967)లో నాయకుడిని అందరూ అతని పోలికలున్న ఒక దొంగగా పొరబడతారు. చివరకు అలాంటి దొంగే లేడని తేలుతుంది. ‘జానీ మేరా నామ్’ (1970)లో జానీ అన్నది ముఠాలో చొరబడిన పోలీసు అధికారి మారుపేరు. అంటే నాయకుడు నేరస్థుడి వేషం వేయవచ్చు గాని నేరస్థుడు కాకూడదన్న నియమం అప్పటికి స్థిరపడింది.

సలీం-జావేద్‌ల రచనలు ఈ నియమాన్ని సడలించాయి. ‘దీవార్’ (1975)లో విజయ్ స్మగ్లర్ అవుతాడు. కాని తండ్రి మీద పడిన దొంగ అన్న నింద బాల్యంలోనే అతని చేతి మీద పచ్చబొట్టుగా పడింది. అతని నేరానికి సమాజమే తొలి ముద్దాయి. రాంగోపాల్ వర్మ ‘సత్య’ (1998) ఈ సమర్థనను కూడా తొలగించింది. ముంబైకి వచ్చిన సత్య గతమేమిటో చిత్రం చెప్పదు. ముఠాలోని మనుషులకు నేరం ఒక వృత్తి. ఇంటికి వెళ్తే భార్యాపిల్లలు ఉంటారు, చిన్నచిన్న తగాదాలు ఉంటాయి. తెలుగులో ‘శివ’ (1989)తో హింసను కళాశాల ఆవరణలోకి, వీధిలోకి తెచ్చి చూపిన దర్శకుడే హిందీ నేరచిత్రానికి ఈ మలుపునివ్వడం గమనించదగినది.

తెలుగు రీమేకుల సాక్ష్యం

ఈ పరిణామంలో తెలుగు రీమేకులు ఒక ఆసక్తికరమైన సాక్ష్యాన్నిస్తాయి. 1973 నాటి ‘జంజీర్’ తెలుగులో ‘నిప్పులాంటి మనిషి’ (1974) అయింది. ‘జానీ మేరా నామ్’ ‘ఎదురులేని మనిషి’ (1975) అయింది. ‘దీవార్’ ‘మగాడు’ (1976) అయింది. మూడింటిలోనూ నాయకుడు ఎన్.టి. రామారావు. జంజీర్ అంటే సంకెల, దీవార్ అంటే గోడ. ఈ రెండు హిందీ శీర్షికలు మనిషిని బంధించే, విడదీసే వాటిని సూచిస్తున్నాయి. తెలుగు శీర్షికలు ఆ అడ్డంకిని పక్కనపెట్టి దాన్ని ఎదిరించే మనిషిని ముందుకు తెచ్చాయి. కథ అదే అయినా బరువు పరిస్థితి నుంచి వ్యక్తి పరాక్రమం మీదికి జరిగింది. తారాప్రతిష్ఠ ప్రధానమైన చోట నేరబాధ్యత చర్చ వెనుకపడుతుందనడానికి ఈ శీర్షికలే నిదర్శనం.

‘జానీ గద్దార్’ చేసిన మార్పు

‘జానీ గద్దార్’ శీర్షిక ఇందుకు పూర్తిగా విరుద్ధం. గద్దార్ అంటే ద్రోహి. నాయకుడి మీద తీర్పు పేరులోనే ఉంది. అయిదుగురు భాగస్థులు తలా యాభై లక్షలు వేసుకుని రెండున్నర కోట్లతో ఒక అక్రమ వ్యాపారానికి పూనుకుంటారు. వారిలో చిన్నవాడు విక్రమ్. అతడు మరో భాగస్థుడి భార్యను ప్రేమించి, ఆమెతో కలిసి వెళ్లిపోవడానికి ఆ డబ్బు కాజేయాలనుకుంటాడు. ఆకలి లేదు, అవమానం లేదు, చిన్ననాటి గాయం లేదు. ఉన్నది కోరిక మాత్రమే. హత్య చేయాలన్నది అతని తొలి ఆలోచన కాదు. కాని మొదటి పథకం తప్పిన క్షణం నుంచి ప్రతి హత్యా ముందటిదాన్ని కప్పిపుచ్చడానికి అవసరమవుతూ పోతుంది.

హంతకుడెవరో ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు. కాబట్టి ఉత్కంఠ ‘ఎవరు’ అన్నదాని మీద కాక ‘ఇక ఎంతవరకు’ అన్నదాని మీద నిలుస్తుంది. భాగస్థులు నిజానికి దగ్గరవుతున్నప్పుడు ప్రేక్షకుడు తెలియకుండానే విక్రమ్ తప్పించుకోవాలని కోరుకుంటాడు. బాధ్యతను సమాజానికి అప్పగించే సౌకర్యం లేకపోవడంతో అందులో కొంత ప్రేక్షకుడి మీదనే పడుతుంది.

చిత్రాన్ని విజయ్ ఆనంద్‌కూ, ఆంగ్ల నేరనవలా రచయిత జేమ్స్ హ్యాడ్లీ చేజ్‌కూ అంకితమివ్వడం ఈ దృష్టితో చూస్తే కేవలం అభిమాన ప్రకటన కాదు. విక్రమ్ ‘జానీ మేరా నామ్’ను టీవీలో చూసి జానీ అన్న మారుపేరు పెట్టుకుంటాడు. 1970లో ఆ పేరు నిజాయితీని దాచింది. 2007లో ద్రోహాన్ని దాచింది. అతని రైలు పథకానికి మాదిరి ‘పర్వానా’ (1971). అందులో అమితాబ్ బచ్చన్ ప్రేమలో విఫలమై హత్యకు పాల్పడే వ్యక్తిగా నటించాడు. ‘జంజీర్’తో ఆగ్రహించిన యువకుడిగా స్థిరపడకముందటి అమితాబ్ అతడు. సామాజిక అన్యాయమన్న సమర్థన హిందీ నేరచిత్రానికి ఇంకా దొరకని కాలానికి రాఘవన్ ఉద్దేశపూర్వకంగా వెనక్కి వెళ్లాడని దీన్నిబట్టి చెప్పవచ్చు. పాత చిత్రాల ప్రస్తావనలు ఇక్కడ వాదంలో భాగాలు.

మారిన నిర్మాణ పరిస్థితులు

ఇలాంటి చిత్రం 1980లలో రావడం కష్టం. 1997లో ఢిల్లీలో మల్టీప్లెక్సు ప్రారంభమై, చిన్న ప్రేక్షకవర్గానికి ప్రత్యేకించిన చిత్రాలకు తెరలు దొరికే మార్గం ఏర్పడింది. 1998లో కేంద్రప్రభుత్వం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించడంతో సంస్థాగత పెట్టుబడికి దారి తెరుచుకుంది. కొత్త నటుడు నీల్ నితిన్ ముకేశ్‌ను ద్రోహి పాత్రలో పరిచయం చేయగలగడం, పాటల కోసం కథను ఆపకుండా ఉండగలగడం ఈ వాతావరణం ఫలితాలే. చిత్రం వసూళ్లలో ఘనవిజయం కాకపోయినా దాని మార్గం నిలిచింది. అదే దర్శకుడి ‘అంధాధున్’ (2018) ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. దాని తెలుగు రూపం ‘మాస్ట్రో’ (2021). ఇక్కడ శీర్షిక నాయకుడి పౌరుషాన్ని కాక సంగీత నైపుణ్యాన్ని చెబుతుంది. ‘ఎదురులేని మనిషి’ నుంచి అంధుడిగా నటిస్తూ అబద్ధమాడే కళాకారుడి వరకు తెలుగు తెర నడిచిన దూరం చిన్నది కాదు.

ముగింపు

ఈ మార్పులో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. ‘బాజీ’లోని పేదరికం, ‘దీవార్’లోని కార్మికుడి అవమానం ‘జానీ గద్దార్’లో కనిపించవు. తలా యాభై లక్షలు తేగలిగినవారి మధ్యనే కథ తిరుగుతుంది. నేరానికీ అసమానతకూ ఉన్న సంబంధాన్ని చెప్పే బాధ్యతను ఈ ధోరణి వదులుకుంది. దానికి బదులుగా, మంచివాడు పరిస్థితుల వల్ల మాత్రమే చెడిపోతాడన్న ఓదార్పును నిరాకరించింది. చిత్రం నలుపుతెలుపుల్లో, ఒక వానరాత్రి హత్యతో మొదలవుతుంది. ఆ హతుడు విక్రమేనని ముగింపులో తెలుస్తుంది. అతడిని శిక్షించేది చట్టం కాదు, అతడిని మరొకరనుకుని పొరబడిన స్త్రీ చేతిలోని తుపాకి. ఆ పొరపాటుకు మూలం అతడు అల్లిన అబద్ధాలే. వ్యక్తి ఎంపికను ఇంత కఠినంగా చూసిన సినిమా, ఆ ఎంపిక జరిగే సమాజాన్ని కూడా అంతే కఠినంగా చూడగలిగినప్పుడే ఈ ధోరణి సంపూర్ణమవుతుంది.