లక్షణాలు లేని మూత్ర ఇన్ఫెక్షన్: చరిత్ర, మనామా సందర్భం

మూత్రంలో మంట ఉండదు, జ్వరం రాదు, నడుము నొప్పీ ఉండదు. కల్చర్ పరీక్షలో మాత్రం బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. వైద్యులు దీన్ని అసింప్టమాటిక్ బ్యాక్టీరియూరియా అంటారు. ఎక్కువ మందిలో దీనికి కారణం పేగుల్లో ఉండే ఈ.కోలై. థియోడర్ ఎషెరిక్ 1885లో దాన్ని వర్ణించాడు.

బహ్రెయిన్ రాజధాని మనామాలో మేసన్ మెమోరియల్ ఆసుపత్రి (నేటి అమెరికన్ మిషన్ ఆసుపత్రి) 1903లో మొదలయ్యేనాటికే ఆ సూక్ష్మజీవి వైద్యులకు తెలుసు. కానీ మూత్రాశయంలో పెరిగిన బ్యాక్టీరియాకూ, నమూనా పట్టేటప్పుడు చర్మం నుంచి కలిసినదానికీ తేడా చెప్పే కొలత అప్పటికి స్థిరపడలేదు.

1956లో బోస్టన్ సిటీ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ ఆ కొలత ఇచ్చాడు: మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా. ఆయన చేసిన అంతకంటే గొప్ప మేలు గర్భిణులను పరీక్షించడం. గర్భధారణ సమయంలో మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం నిలుస్తుంది. ఏ బాధా చెప్పని తల్లికి బ్యాక్టీరియా ఉండి వైద్యం అందకపోతే కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు బాగా పెరుగుతుందని ఆయన చూపాడు. గర్భిణుల్లో నూటికి 2 నుంచి 10 మందిలో ఈ స్థితి కనిపిస్తుంది. వీరికి వారం రోజుల యాంటీబయాటిక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫార్సు చేసింది.

మిగతావారిలో చాలామంది సంగతి వేరు. షుగర్ ఉన్న మహిళలకు మందు ఇచ్చినా ప్రయోజనం లేదని 2002లో వెలువడిన కెనడా అధ్యయనం తేల్చింది. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2005లోనూ, 2019లోనూ అలాంటి మాటే చెప్పింది: బాధ లేని వృద్ధులకూ, కేథటర్ ఉన్నవారికీ రిపోర్టు చూసి మందులు రాయవద్దు. రాస్తే మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. షుగర్ వ్యాధి ఎక్కువగా ఉన్న గల్ఫ్‌లో పనిచేస్తున్న మన తెలుగువాళ్లకు ఇది ముఖ్యంగా తెలియాలి.

బహ్రెయిన్‌లో మరో సమస్య సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి. అందుకే పెళ్లికి ముందు రక్తపరీక్షను తప్పనిసరి చేస్తూ అక్కడ 2004లో చట్టం చేశారు. ఇన్ఫెక్షన్ ఈ రోగులకు తీవ్రమైన నొప్పుల దాడి తెప్పించగలదు. అందుకే సికిల్ సెల్ ఉన్న గర్భిణికి నెలనెలా మూత్రం కల్చర్ చేయాలని బ్రిటిష్ ప్రసూతి నిపుణులు సూచించారు.

మూత్ర పరీక్షకు మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. మనామా ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో నమూనా డబ్బా కారులో ఉండిపోతే బ్యాక్టీరియా గంటల్లోనే పెరిగి, లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు చూపిస్తుంది. రెండు గంటల్లో ల్యాబుకు చేర్చాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.