మెదకుసీమ చిత్రకారులును మన కులపటమును

మెదకు పట్టణమున జరుగుచున్న మన గౌడ మహాసభకు విచ్చేసిన ప్రతినిధులలో పెక్కండ్రు కొండమీది దుర్గమును, పట్టణములోని పెద్దచర్చిని చూడక మరలిపోరు. 1924వ సంవత్సరమున ప్రారంభమైన ఆ చర్చి కిటికీలయందలి రంగుటద్దములపై ఎండ సోకినపుడు చూచినవారి కన్నులు చెదరును. ఆ చిత్రములను కల్పించినవాడు ఫ్రాంక్ సాలిస్బరీ యను ఆంగ్లేయ చిత్రకారుడు. అవి మెచ్చదగినవే. కాని ఈ సీమయందే పుట్టి దేశమెల్ల పేరు గాంచిన చిత్రకారులెవరని యడిగినచో మనవారిలో అనేకులు తడబడుదురు. కొన్ని యేండ్ల క్రిందట మేమును అట్లే తడబడితిమి.

చిత్రకళ మనకు క్రొత్తది కాదు. మన పెద్దల కాలమున గౌడజెట్టీలు ఊరికి వచ్చి, వెదురుబొంగుల నడుమ పటమును వ్రేలాడగట్టి, దీపము వెలుతురున ఒక్కొక్క గడిని విప్పుచు గౌడపురాణము చెప్పెడివారు. పద్మశాలీలకు కూనపులివారును, గొల్లలకు మందెచ్చులవారును అటులనే వచ్చెడివారు. ఈ పటములు వ్రాసినవారు నకాషీలు. చేర్యాల వారికి ప్రసిద్ధస్థానము. నేతగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, చెట్టుబంక కలిపి పూసి, ఆరిన పిమ్మట ఉడుతవెండ్రుకల కుంచెతో గీతలు గీచి, నేలరంగుగా గాఢమైన ఎఱుపు వేయుదురు. ఒక్కొక్క పటము పదుల అడుగుల పొడవుండును. కథకునికి బ్రతుకుతెరు విచ్చినది కులము. కథకుడు వ్రాయించుకొన్న పటమునకు వెల యిచ్చినదియు, ఆ లెక్కన, కులమే. రాజులు, జమీందారులు మాత్రమే చిత్రకళను పోషించిరని వ్రాయు చరిత్రకారులు ఈ సంగతిని విస్మరించుచున్నారు. చెట్టెక్కి కల్లు దింపినవాడును చిత్రకారునికి పోషకుడే.

ఇట్టి పటములలో 1625వ సంవత్సరము నాటిదొకటి హైదరాబాదునందలి జగదీశ్ కమలా మిత్తల్ వారి ప్రదర్శనశాలలో నున్నది. అది పద్మశాలీలది, భావనాఋషి కథ. నాలుగువందల యేండ్ల క్రిందటి గుడ్డ నేటికిని నిలిచియున్నది. మన పటములు చాలవఱకు ఏమైనవో చెప్పువారు లేరు. సినిమా వచ్చినది, జెట్టీలను పిలుచువారు తగ్గిరి. పటమడుగువారు లేక నకాషీలు పట్టణపు గోడలకు సరిపడు చిన్న చిత్రములు, కొయ్యముసుగులు చేయసాగిరి.

ఆ నకాషీ గీతను ఆధునిక చిత్రకళలోనికి తెచ్చినవారిలో సిద్దిపేట నివాసి కాపు రాజయ్యగారు ముఖ్యులు. 1925లో సిద్దిపేటయందు జన్మించి, హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, తిరిగి స్వస్థలమునకే వచ్చి 2012లో మరణించువఱకు ఆ ఊరిని విడువలేదు. బతుకమ్మ, బోనాలు, కష్టజీవులైన స్త్రీలు — ఇవి ఆయన వస్తువులు. బలమైన రేఖ, చదునైన రంగు, పెద్దకన్నులు: పటము చూచి పెరిగినవారికి ఇవి పరిచితములే. మనము కొలుచు ఎల్లమ్మ సేవలో నున్న జోగిని చిత్రించిన పటమొకటి ఆయన ప్రసిద్ధ కృతులలో చేరినది.

ఇక శ్రీ కె. లక్ష్మాగౌడుగారు. వీరిని గూర్చి కొంత విస్తరించి చెప్పుట మా కోరిక. 1940లో నాటి మెదకు జిల్లా నిజాంపురమున జన్మించిరి. బాల్యమున తోలుబొమ్మలాటలను, మట్టితో చేయు అలంకారములను చూచుచు పెరిగిరి. హైదరాబాదు కళాశాలలో 1963 వఱకు చదివి, బరోడాకు పోయి, కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి యొద్ద కుడ్యచిత్రణమును, అచ్చుచిత్రణమును నేర్చిరి. లోహపు రేకునకు మైనపుపూత పూసి సూదితో గీచి ఆమ్లమున ముంచినచో, గీచిన చోట లోహము తినబడి పల్లమగును. ఆ పల్లమున సిరా నిలిపి తడికాగితముపై ఒత్తుదురు. ఈ విద్యలో ఆయన దేశమున అగ్రగణ్యులైరి. లోతు తగ్గిన గీత అచ్చున నిలువదు. మితిమీరినచో చిత్రము చెడును. ఈతచెట్టును గీచు మనవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు.

బరోడా నుండి మరలివచ్చిన యనంతరము ఆయన సిరాగీతలలో వెలసినది పల్లెయే: మేకలు, మెలికలు తిరిగిన కొమ్మలు, బండరాళ్ళు, మగవారు, ఆడువారు. దూరదర్శన్‌లో పనిచేసి, పిదప హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీనాయుడు కళాశాఖయందు బోధించి 2001లో విరమించిరి. నీటిరంగులు, కాల్చినమట్టి, గాజు వెనుకవైపున వేయు చిత్రములు — వీనియందును కృషిచేసిరి. 2016లో పద్మశ్రీ లభించినది.

ఆయన చిత్రములలో స్త్రీపురుషుల దేహములు, కామము దాపరికము లేక కానవచ్చును. అందుచేత ఈ సంచికలో ఆయన ప్రసంగమే వలదని మన పెద్దలు కొందఱు మాతో వాదించిరి. వారి సంకోచమును మేము తేలికగా తీసివేయము. ఆ చిత్రములలో కొన్ని మాకును తొలుత ఇబ్బంది కలిగించినవి. కాని మరల మరల చూచిన కొలది అందు మాకు తోచినది వెకిలితనము గాదు. మేకకును, చెట్టునకును, మనుష్యునకును ఒకే ప్రాణము పారుచున్నట్లుండును. పల్లెలో పుట్టినవారు ఎఱుగనిది అందేమున్నది? పట్టణము చేరిన పిమ్మట కల్లుముంతను, మోకును, ముత్తాదును దాచిపెట్టిన మనమే ఈ సిగ్గును గూడ క్రొత్తగా నేర్చుకొంటిమేమో యని మా యనుమానము. పెద్దలు కోపింపకుందురు గాక.

గ్రామములలో నేటికిని పటము గల జెట్టీ కుటుంబములు కొన్ని మిగిలియున్నవి. జీర్ణమైన పటమును నీటిలో విడుచుట పూర్వాచారము; అమ్మివేయుట నేటి యవసరము. దేనిని కూడ మేము తప్పుపట్టజాలము. అట్లు చేయుటకు ముందు మన సంఘమునకు ఒక్కమాట తెలిపినచో, గడిగడికి ఛాయాచిత్రము తీయించి, కథకుని నోటి కథను వ్రాయించుకొందుము. ఈ పనికై సభాస్థలమున ఒక పుస్తకము నుంచితిమి. మీ ఊరికి వచ్చెడు జెట్టీ పేరును, ఆయన చివరిసారి పటము విప్పిన సంవత్సరమును ప్రతినిధులు అందు వ్రాసి పోవలెనని ప్రార్థన.